చేత్తో చేసుకున్న గేమింగ్ బాక్స్: బటన్లు, స్టిక్కు మాట వినకపోతే ఎక్కడి నుంచి వెతకాలి

తమ్ముడూ, నువ్వు రాసిందీ, పెట్టిన ఫొటోలూ నిదానంగా చూశాను. చిత్తూరులో బీటెక్ చదువుకుంటూ సెలవుల్లో కూర్చుని ఇంత పొందికైన బాక్స్ చేశావంటే ముందు నీకు శభాష్ చెప్పాలి. చదివే మిగతావాళ్ల కోసం నీ సంగతి క్లుప్తంగా రాస్తాను. రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ బోర్డు, 5 అంగుళాల హెచ్‌డీఎంఐ స్క్రీన్, రెండు 18650 లిథియం సెల్స్, టీపీ4056 చార్జర్, బ్యాటరీ వోల్టేజిని 5కు ఎత్తే ఎంటీ3608 బూస్ట్ మాడ్యూల్, శబ్దానికి పీఏఎం8403 ఆంప్, ఒక జాయ్‌స్టిక్, దాన్ని చదవడానికి ఎంసీపీ3008 చిప్పు, పన్నెండు టాక్ట్ స్విచ్‌లు (టిక్కుమనే చిన్న నొక్కుడు బటన్లు). స్విచ్‌లన్నీ నేరుగా బోర్డు పిన్నులకు పోతున్నాయి. అన్నిటినీ నువ్వు రాసుకున్న పైథాన్ స్క్రిప్టు చదివి, లినక్స్‌కు ఒక గేమ్‌ప్యాడ్‌లా చూపిస్తోంది. వీటన్నిటి మీద పాత ఆటలు ఆడించే రెట్రోపై అనే సాఫ్ట్‌వేర్ నడుస్తోంది.

నీ ఇబ్బందులు ఇవి. జంప్ ఒకసారి నొక్కితే రెండుసార్లు ఎగురుతున్నాడు. అది ఆపడానికి స్క్రిప్టులో డిబౌన్స్ (తప్పుడు నొక్కులను పట్టించుకోకుండా ఆగే సమయం) పెంచితే ఆట వెనకబడి నడుస్తోంది. వాల్యూమ్ పెంచితే హీరో తనంతట తానే ఎడమకు నడుస్తున్నాడు. ఎల్ బటన్ అసలు పలకడం లేదు. డీ-ప్యాడ్‌లో (ప్లస్ ఆకారపు దిక్కుల బటన్) మూలకు నొక్కితే ఒక దిక్కే పడుతోంది. అరగంట ఆడాక ఒక్కోసారి ఆట నడుస్తూనే ఉంటుంది గానీ బటన్లు మొత్తం చచ్చిపోతున్నాయి.

రెట్రోపై లోపల ఆటలను నడిపే రెట్రోఆర్చ్ మెనూలో మ్యాపింగ్ (ఏ బటన్‌కు ఏ పని అని చెప్పడం) మళ్లీ మళ్లీ చేశానని రాశావు. వీటిలో ఒక్కటి కూడా ఆ మెనూలో పుట్టింది కాదు. తిరుపతిలో చాలా ఏళ్లుగా ఇట్లాంటి సామాను రిపేరు చేస్తున్నాను. దాదాపు అందరూ నీలాగే చివరి నుంచి మొదలుపెడతారు, ఎందుకంటే మెనూ కళ్లెదుట ఉంటుంది, వైర్లు బాక్స్ లోపల ఉంటాయి. నొక్కిన నొక్కు వేలి నుంచి స్విచ్చుకు, స్విచ్చు నుంచి వైరుకు, వైరు నుంచి పిన్నుకు, పిన్ను నుంచి స్క్రిప్టుకు, అక్కడి నుంచి లినక్స్‌కు, లినక్స్ నుంచి రెట్రోఆర్చ్‌కు, చివరికి ఆటకు చేరుతుంది. ఈ దారిలో ఎక్కడ తేడా వస్తోందో తెలియకుండా ఏదీ మార్చొద్దు. ఒకచోట జబ్బుకు ఇంకోచోట మందు వేస్తే కొత్త జబ్బు వస్తుంది. డిబౌన్స్ పెంచితే లాగ్ (ఆట వెనకబడటం) వచ్చింది చూడు, అది అట్లా వచ్చిందే.

దారిని మధ్యలో కోసి చూడటానికి లినక్స్‌లో ఈవీటెస్ట్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది. ల్యాప్‌టాప్ నుంచి వైఫై మీద ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి కమాండ్లు ఇచ్చే దారి) బోర్డులోకి వెళ్లి, అది నడిపి, నీ గేమ్‌ప్యాడ్ నంబరు ఎంచుకో. జంప్ బటన్ ఒకసారి నొక్కు. తెర మీద ఒక 1, వదిలితే ఒక 0 రావాలి. 1, 0, 1, 0 అని నాలుగు వరుసలు వస్తే తప్పు కిందే ఉంది, స్విచ్చు దగ్గరో వైరు దగ్గరో. అక్కడ శుభ్రంగా ఒక్కసారే వచ్చి, ఆటలో మాత్రం రెండుసార్లు ఎగిరితే తప్పు పైన ఉంది. అట్లాంటప్పుడు ఎక్కువగా జరిగేది ఏంటంటే, ఒకే బటన్ కీబోర్డు మీటగా ఒకసారి, గేమ్‌ప్యాడ్ బటన్‌గా ఇంకోసారి నమోదై ఉంటుంది. నీ వీడియోలో అది కనపడలేదు, కింది తప్పే అని నా నమ్మకం. కానీ నమ్మకం మీద పోవద్దు, నువ్వే నడిపి చూసుకో.

ఇప్పుడు అన్నిటికంటే ముందు చూడాల్సింది కరెంటు. బోర్డు, స్క్రీన్, ఆంప్ మూడూ కలిపి ఆట నడిచేటప్పుడు సుమారు 1.2 ఆంపియర్లు లాగుతున్నాయనుకుందాం. 5 వోల్టుల దగ్గర అది 6 వాట్లు. ఈ 6 వాట్లు బ్యాటరీ వైపు నుంచి రావాలి. అక్కడ వోల్టేజి 3.6 చుట్టూ ఉంటుంది, బూస్ట్ మాడ్యూల్ దారిలో కొంత వేడిగా పోగొడుతుంది. నూటికి ఎనభై అయిదు వంతులు అందుతుందనుకున్నా, సెల్స్ నుంచి దాదాపు 2 ఆంపియర్లు రావాలి. నీ ఫొటోలో సెల్స్ నుంచి చార్జర్‌కూ, అక్కడి నుంచి బూస్ట్‌కూ బ్రెడ్‌బోర్డు జంపర్ వైర్లు వేశావు. అవి సెన్సర్లకు సరిపోయే వైర్లు. 2 ఆంపియర్లు పోతే వాటిలోనూ, వాటి పిన్నుల్లోనూ వోల్టేజి పడిపోతుంది. ఎంటీ3608 మీద 2 ఆంపియర్లని రాసి అమ్ముతారు గానీ, 3.6 నుంచి 5కు ఎత్తే పనిలో 1 ఆంపియర్ దాటితే అది ఉక్కిరిబిక్కిరి అవుతుంది.

నువ్వు రాసిన ఒక వాక్యం దగ్గర ఆగాను. "స్క్రీన్ మీద మెరుపు గుర్తు రాలేదు కాబట్టి పవర్ బాగానే ఉంది" అన్నావు. రాస్ప్‌బెర్రీ పై 3, పై 4 లాంటి బోర్డుల్లో 5 వోల్టుల లైను సుమారు 4.63 కిందికి పడితే పట్టుకునే సర్క్యూట్ ఉంటుంది, మెరుపు గుర్తు అందుకే వస్తుంది. జీరో బోర్డుల్లో ఆ సర్క్యూట్ పెట్టలేదు. నీ బోర్డు ఎంత ఆకలితో ఉన్నా ఆ గుర్తు రాదు. కాబట్టి మల్టీమీటరే దిక్కు. ఎర్ర ప్రోబు బోర్డు 2వ పిన్ను మీద, నల్లది 6వ పిన్ను మీద పెట్టు. బూస్ట్ మాడ్యూల్ దగ్గర కొలవొద్దు, బోర్డు దగ్గరే కొలువు. మెనూలో ఉన్నప్పుడు ఒకసారి, మంచి గోలగా ఉన్న ఆట ఫుల్ వాల్యూమ్‌లో నడుస్తున్నప్పుడు ఒకసారి. 4.9 పైన నిలబడితే సంతోషం. 4.75 కిందికి పోతుంటే ఇంకేదీ ముట్టుకోకుండా ముందు అది బాగుచెయ్యి. మామూలు మీటరు సగటు చూపిస్తుంది, క్షణంలో పడి లేచే గుంటలను చూపించదు. అంటే మీటరు 4.7 చూపిస్తుంటే లోపల అంతకంటే కిందికే పోతోందని లెక్క. మీటరులో మిన్-మ్యాక్స్ బటన్ ఉంటే అది వాడు.

బాగుచెయ్యడం కష్టం కాదు. సెల్స్ నుంచి బూస్ట్ వరకు, బూస్ట్ నుంచి బోర్డు వరకు 20 లేదా 22 గేజి వైరు, వీలైనంత పొట్టిగా, సోల్డర్ చేసి. బూస్ట్ స్థానంలో పవర్‌బ్యాంకులో వాడే రకం, 5 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు నిజంగా ఇవ్వగల బోర్డు. ఆంప్ పవర్ కాళ్ల దగ్గరే 470 లేదా 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, 10 వోల్టులది. పాటలో బీటు పడినప్పుడల్లా ఆంప్ ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, ఆ గుటకను ఈ కెపాసిటర్ ఇస్తుంది. ఇంకొకటి ముఖ్యం: ఆంప్ గ్రౌండ్‌ను బటన్ల గ్రౌండ్ వైరుకు తగిలించావు. దాన్ని విడదీసి నేరుగా బూస్ట్ మాడ్యూల్ మైనస్‌కు వెయ్యి. ఆంప్ కరెంటు బటన్ల గ్రౌండ్ వైరులోంచి తిరిగి వెళ్తుంటే, ఆ వైరు ఇక సున్నా వోల్టుల దగ్గర ఉండదు, పాటతో పాటు ఊగుతుంది.

ఇక వాల్యూమ్ పెంచితే ఎడమకు నడవడం. నీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. చాలామంది దీన్ని స్టిక్ డ్రిఫ్ట్ (స్టిక్కు అరిగి తనంతట తానే జరగడం) అని తేల్చేసి కొత్త స్టిక్కు కొంటారు. నీ స్టిక్కుకు ఏమీ కాలేదు.

జాయ్‌స్టిక్ మాడ్యూల్ మీద పవర్ పిన్ను పక్కన "+5వీ" అని అచ్చు వేసి ఉంటుంది. అది చూసి నువ్వు 5 వోల్టులకే కలిపావు. ఎంసీపీ3008ను మాత్రం బోర్డును కాపాడాలని 3.3 వోల్టులకు కలిపావు, దాని రిఫరెన్స్ పిన్ను (ఏ వోల్టేజితో పోల్చి కొలవాలో చెప్పేది) కూడా 3.3కే. చిప్పును 3.3కు వెయ్యడం సరైన పని. కానీ ఇప్పుడు స్టిక్కు ఒక వోల్టేజి మీద బతుకుతోంది, దాన్ని కొలిచే చిప్పు ఇంకో వోల్టేజితో కొలుస్తోంది. మా ఊళ్లో పూలదండలు మూర లెక్కన అమ్ముతారు. ఒకరి చేతి మూరతో కొలిచి తెచ్చి ఇంకొకరి చేతి మూరతో అమ్మితే దండ ఎప్పుడూ లెక్కకు రాదు. ఇక్కడ జరుగుతున్నది అదే.

అంకెల్లో చూడు. స్టిక్కు మధ్యలో వదిలేస్తే దాని ఔట్‌పుట్ 5లో సగం, 2.5 వోల్టులు. చిప్పు 10 బిట్లది, 3.3 వోల్టులను 1023గా చదువుతుంది. 2.5ను 775గా చదువుతుంది. నీ స్క్రిప్టులో సెంటర్ 775 అని రాసుకున్నావు, అంటే లెక్క సరిపోయింది. ఇప్పుడు వాల్యూమ్ పెంచావు, ఆంప్ లాగింది, 5 వోల్టుల లైను 4.6కు పడింది. స్టిక్కును నువ్వు ముట్టుకోలేదు, కానీ మధ్య వోల్టేజి 2.3 అయింది. 3.3 లైనును బోర్డు మీది రెగ్యులేటర్ నిలబెట్టింది కాబట్టి కొలత మారలేదు. చిప్పు ఇప్పుడు 713 అంటుంది. సెంటర్ కంటే 62 తక్కువ, అంటే స్క్రిప్టు దృష్టిలో స్టిక్కు ఎడమకు వంగింది. హీరో నడవక ఏం చేస్తాడు?

కుడివైపు కొంచెం వంచితేనే ఫుల్ స్పీడులో పరుగెడుతున్నాడని ప్రశ్న చివర్లో ఒక ముక్క రాశావు. అదీ ఇందులోదే. 5 వోల్టుల స్టిక్కు మధ్య నుంచి కుడికి మూడో వంతు వంగేసరికే 3.3 దాటేస్తుంది, చిప్పు 1023 దగ్గర ఆగిపోతుంది. పైగా తన పవర్ కంటే ఎక్కువ వోల్టేజి ఇన్‌పుట్ మీద పడటం ఆ చిప్పుకు మంచిది కాదు, ఇట్లాగే వదిలేస్తే ఒకరోజు పోతుంది.

ఒక్క వైరు మార్చు. స్టిక్కు పవర్‌ను 5 నుంచి తీసి, చిప్పు రిఫరెన్స్ ఏ 3.3 చుక్కకు పోతుందో సరిగ్గా అక్కడికి కలుపు. స్టిక్కులో ఉన్నది 10 కిలోఓమ్‌ల పొటెన్షియోమీటర్ మాత్రమే, దానికి 5 కావాలనే నియమం లేదు. ఇప్పుడు 3.3 లైను 3.2 అయినా స్టిక్కు మధ్య అందులో సగమే, కొలతా అందులోదే. రీడింగు 512 చుట్టూ కూర్చుంటుంది. ఎక్స్, వై ఇన్‌పుట్‌ల దగ్గర ఒక్కో 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ గ్రౌండ్‌కు వెయ్యి. షాపులో "104" అంటే ఇస్తారు. ఆ తర్వాత సెంటర్ కొత్తగా రాసుకుని, స్టిక్కును నాలుగు వైపులా వంచి వదులుతూ ఎక్కడ ఆగుతోందో చూడు. చవక స్టిక్కులు ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతాయి. ఆ తేడాకు కొంచెం పైన డెడ్‌జోన్ (మధ్య చుట్టూ కదలికను పట్టించుకోని చోటు) పెట్టు. స్క్రిప్టులో పెడితే రెట్రోఆర్చ్‌లో ఉన్నది సున్నా చెయ్యి. రెండుచోట్లా ఉంటే చిన్న కదలికలు మింగేస్తుంది, స్టిక్కు మొద్దుబారినట్టు ఉంటుంది.

జంప్ రెండుసార్లు పడటానికి వద్దాం. ఏ స్విచ్చులోనైనా రెండు రేకులు తాకేటప్పుడు కొన్ని మిల్లీసెకన్లు తాకి, విడిచి, మళ్లీ తాకుతాయి. మంచి టాక్ట్ స్విచ్చుకు 5 మిల్లీసెకన్ల డిబౌన్స్ చాలు, పాతబడిన దానికి 10. నువ్వు 50 దాకా పోవాల్సి వచ్చిందంటే అది స్విచ్చు బౌన్స్ కాదు, వైరులోకి దూరుతున్న చెత్త. బోర్డు లోపలి పుల్-అప్ (నొక్కనప్పుడు పిన్నును 3.3 వోల్టుల దగ్గర పట్టి ఉంచే రెసిస్టర్) సుమారు 50 కిలోఓమ్‌లు, అంటే చాలా బలహీనం. నీ జంప్ వైరు పొడుగ్గా వెళ్లి బూస్ట్ మాడ్యూల్ కాయిల్ పక్కనుంచి తిరిగి వస్తోంది. ఆ కాయిల్ సెకనుకు లక్షలసార్లు ఆన్-ఆఫ్ అవుతూ ఉంటుంది, పక్కనున్న పొడుగు వైరు దాని చప్పుడంతా పట్టుకుంటుంది.

వైరును కాయిల్‌కు దూరంగా తిప్పు. పిన్ను నుంచి 3.3 వోల్టులకు 10 కిలోఓమ్‌ల రెసిస్టర్, స్విచ్చుకు అడ్డంగా ఒక 104 కెపాసిటర్. ఈ రెండూ కలిస్తే 1 మిల్లీసెకను ఆలస్యం మాత్రమే, మనిషికి తెలియదు. పుల్-అప్‌ను పొరపాటున కూడా 5 వోల్టులకు వెయ్యొద్దు, ఈ బోర్డు పిన్నులు 3.3 దాటితే తట్టుకోవు. ఆ తర్వాత డిబౌన్స్ 5కు దించు.

లాగ్ లెక్క కూడా ఇక్కడే తేలిపోతుంది. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. నీ డిబౌన్స్ 50. స్క్రిప్టు ప్రతి చుట్టుకూ 20 మిల్లీసెకన్లు నిద్రపోతోంది, అది పంపిన కోడ్‌లో చూశాను. నొక్కు పడిన సమయాన్ని బట్టి రెండూ కలిపి 70 దాకా, అంటే నాలుగు ఫ్రేములు. గుంత మీదుగా దూకే ఆటలో నాలుగు ఫ్రేములంటే హీరో గుంతలో పడిపోయినట్టే. స్క్రీన్‌ను అనుమానించావు గానీ నీది హెచ్‌డీఎంఐ, దాని జోలికి పోవద్దు. ఎస్‌పీఐ (చిప్పులు మాట్లాడుకునే కొద్ది వైర్ల దారి) మీద నడిచే చిన్న స్క్రీన్ అయితే అనుమానించాల్సిందే. 320 అడ్డం 240 నిలువు బొమ్మను 16 బిట్ల రంగుతో సెకనుకు 60 సార్లు పంపాలంటే సెకనుకు 7 కోట్ల బిట్ల పైమాటే, ఆ దారి ఇరుకు.

ఎల్ బటన్ పలకకపోవడం బటన్ తప్పు కాదు. ఇది కొంచెం అర్జెంటు కూడా. జీరో 2 డబ్ల్యూలో హెడ్‌ఫోన్ జాక్ లేదు కాబట్టి నువ్వు కాన్ఫిగ్ ఫైలులో ఆడియోను జీపీఐఓ (బోర్డు సిగ్నల్ పిన్నులు) 18, 19కి మళ్లించావు. మోనో చాలనుకుని 18 నుంచి మాత్రమే ఆంప్‌కు వైరు వేశావు. 19 ఖాళీగా ఉందనుకుని ఎల్ బటన్ అక్కడ పెట్టావు. కానీ ఆ సెట్టింగ్ రెండు పిన్నులనూ తీసేసుకుంటుంది, 19 మీద రెండో చానల్ శబ్దం బయటికి వస్తూనే ఉంది. అది ఇప్పుడు ఔట్‌పుట్. నువ్వు ఎల్ నొక్కినప్పుడల్లా ఔట్‌పుట్‌ను గ్రౌండ్‌కు షార్ట్ చేస్తున్నావు. ఆ పిన్ను నేరుగా ప్రాసెసర్‌లోకి పోతుంది, మధ్యలో రక్షణ ఏదీ లేదు. ఇది చదివిన వెంటనే ఆ వైరు తీసి వేరే పిన్నుకు మార్చు.

మార్చేటప్పుడు జీపీఐఓ నంబర్లలో (పైన మీటరు పెట్టమన్న 2వ, 6వ పిన్నుల వరుస లెక్క కాదు) 7 నుంచి 11 దాకా వద్దు, అవి ఎంసీపీ3008 మాట్లాడే ఎస్‌పీఐ పిన్నులు. 2, 3 కూడా వదిలెయ్, వాటికి బోర్డు మీదే 1.8 కిలోఓమ్‌ల పుల్-అప్‌లు ఉన్నాయి. ఇంకో సంగతి: 0 నుంచి 8 దాకా పిన్నులు బోర్డు లేచేటప్పుడే పుల్-అప్‌తో లేస్తాయి, 9 నుంచి 27 దాకా పుల్-డౌన్‌తో (గ్రౌండ్ వైపు లాగే రెసిస్టర్) లేస్తాయి. స్క్రిప్టు మొదలై పుల్-అప్ పెట్టేదాకా, బయట రెసిస్టర్ లేని బటన్ నొక్కి ఉన్నట్టే కనిపిస్తుంది. పవర్ ఆన్ చేయగానే మెనూ తనంతట తానే పరుగెత్తుతోందని కొందరు అడుగుతుంటారు, ఇది ఒక కారణం కావచ్చు. ఎవరికైనా నేను చెప్పేది ఒకటే, ప్రతి బటన్ వైరులోనూ పిన్ను వైపు 1 కిలోఓమ్ రెసిస్టర్ సిరీస్‌లో వెయ్యండి. పిన్ను పొరపాటున ఔట్‌పుట్ అయినా 3.3 మిల్లీఆంపియర్ల కంటే పోదు. అర్ధరూపాయి వస్తువు బోర్డును కాపాడుతుంది.

డీ-ప్యాడ్ పూర్తిగా చేతిపని. ప్లస్ గుర్తు ఆకారంలో ఉండే ఈ బటన్‌ను నింటెండోలో గున్‌పే యొకోయ్ 1982లో గేమ్ అండ్ వాచ్ కోసం తయారుచేశారు. దాని గొప్పదనం పైకి కనపడే ప్లస్‌లో లేదు, కింద మధ్యలో ఉండే చిన్న బుడిపెలో ఉంది. ప్లస్ ఆ బుడిపె మీద ఊగుతుంది. ఎడమకు నొక్కితే కుడి భాగం లేస్తుంది, కాబట్టి ఎదురెదురు దిక్కులు రెండూ ఒకేసారి పడవు. మూలకు నొక్కితే పక్కపక్కనున్న రెండూ పడతాయి.

నీ 3డీ ప్రింట్ చేసిన ప్లస్ కింద బుడిపె ఉంది, బాగుంది. కానీ అది ఎత్తు ఎక్కువైంది. టాక్ట్ స్విచ్చు నొక్కుడు లోతు పావు మిల్లీమీటరు మాత్రమే. బుడిపె కాస్త ఎత్తుగా ఉంటే, మూలకు నొక్కినప్పుడు ఒక స్విచ్చు పడేసరికి ప్లస్ అంచు బాక్సుకు తగిలి ఆగిపోతుంది, రెండోది పడదు. ఎమెరీ కాగితం మీద బుడిపెను రెండు మూడు రుద్దులు రుద్ది, పెట్టి, ఈవీటెస్ట్‌లో మూల నొక్కి చూడు. రెండు దిక్కులూ వచ్చేదాకా ఇట్లా కొద్దికొద్దిగానే తగ్గించు. మరీ తగ్గిస్తే నడుమ నొక్కినప్పుడు నాలుగూ పడి ఆట గందరగోళం అవుతుంది. నాలుగు స్విచ్‌లూ బోర్డుకు ఒకే ఎత్తులో ఆని ఉండాలి. నీ కింది స్విచ్చు ఒకవైపు లేచి ఉన్నట్టు ఫొటోలో కనపడుతోంది. దాని కాళ్ల టంకం కరిగించి, వేలితో కాదు, చెక్కపుల్లతో నొక్కి పట్టుకుని మళ్లీ అతికించు.

నిజంగా మెత్తటి డీ-ప్యాడ్ కావాలంటే చెడిపోయిన యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్ ఒకటి సంపాదించు. చిత్తూరులోనైనా తిరుపతిలోనైనా కంప్యూటర్ రిపేర్ షాపుల మూల డబ్బాల్లో ఇవి పడి ఉంటాయి. దాని ప్లస్, కింది రబ్బరు, కింది సర్క్యూట్ ముక్క మూడూ కలిపి కోసి తీసుకో. నల్లటి కార్బన్ మీద సోల్డర్ అంటదు. దానికి పోయే రాగి గీత మీది పచ్చ పూత గీకి, అక్కడ వైరు అతికించు. ఇక్కడ మాత్రం నేను పైన చెప్పిన 10 కిలోఓమ్‌ల పుల్-అప్ వద్దు. కార్బన్ రబ్బరుకు కొన్ని వందల ఓమ్‌ల నుంచి కొన్ని కిలోఓమ్‌ల దాకా సొంత నిరోధం ఉంటుంది. అరిగిన రబ్బరు 5 కిలోఓమ్‌లు ఉంటే, 10 పుల్-అప్‌తో పిన్ను మీద 1.1 వోల్టులు మిగులుతాయి. అది నొక్కినట్టా కాదా అని బోర్డుకు తేలదు. 47 కిలోఓమ్‌లు వేస్తే 0.3 వోల్టుల దగ్గరికి దిగుతుంది. రబ్బరును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు, ఎమెరీతో మాత్రం రుద్దొద్దు, కార్బన్ పొర పోతుంది.

అరగంట తర్వాత బటన్లు మొత్తం పోవడం స్క్రిప్టు ఆగిపోవడమే. ఆట నడుస్తూ ఉండటమే దానికి సాక్ష్యం. అప్పుడు ఈవీటెస్ట్ జాబితాలో నీ గేమ్‌ప్యాడ్ పేరే ఉండదు, చూడు. ఎందుకు ఆగిందో బోర్డు రాసుకునే లాగ్ ఫైలు చూస్తే తెలుస్తుంది. కానీ ఆ స్క్రిప్టును బాగుచేస్తూ కూర్చోవడం కంటే దాన్నే తీసెయ్యమని నా సలహా. రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డు ఒకటి కొను. అందులో జీపీ2040-సీఈ అనే ఉచిత ఫర్మ్‌వేర్ (బోర్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్) వేస్తే అది అసలైన యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్ అవుతుంది. బటన్లను అదే చదువుతుంది, డిబౌన్స్ అదే చేస్తుంది, ఎదురెదురు దిక్కులు రెండూ పడితే ఏం చెయ్యాలో కూడా అందులోనే పెట్టుకోవచ్చు. జీరో బోర్డు మీద భారం పడదు, ఆలస్యం 1 మిల్లీసెకను చుట్టూ ఉంటుంది. ఎంసీపీ3008 కూడా అక్కర్లేదు. పికోలోనే 12 బిట్ల అనలాగ్ ఇన్‌పుట్‌లు ఉన్నాయి. స్టిక్కు పవర్ 35వ కాలికి, గ్రౌండ్ 33వ కాలికి, ఎక్స్, వై రెండూ జీపీ26, జీపీ27కు. 35వ కాలు ఆ చిప్పు కొలత రిఫరెన్సే, కాబట్టి రెండు మూరల గొడవ రాదు.

మా ప్రాంతంలో పికో లాంటివి షాపులో చేతికి దొరకడం కష్టం. ఆన్‌లైన్‌లో తెప్పించుకో, లేదా చెన్నై పోయే పని ఉంటే రిచీ స్ట్రీట్‌లో చూసుకో. అక్కడైతే మెత్తగా నొక్కుకునే టాక్ట్ స్విచ్‌లు కూడా నొక్కి చూసి ఏరుకోవచ్చు, ఆ సుఖం ఆన్‌లైన్‌లో లేదు. అయితే పికో వచ్చిందని కరెంటు పని వాయిదా వెయ్యొద్దు. 5 వోల్టులు కుంగితే పికో కూడా రీసెట్ అయి యూఎస్‌బీ తెగిపోతుంది, బటన్లు పోవడం మళ్లీ చూస్తావు.

బ్యాటరీ గురించి రెండు మాటలు చెప్పకుండా వదల్లేను, బాక్స్ చేతిలో పట్టుకుని ఆడేది కాబట్టి. రెండు సెల్స్ పక్కపక్కన కలిపే ముందు రెండిటి వోల్టేజీ ఒకటే ఉందని మీటరుతో చూడు. తేడా ఉంటే ఎక్కువున్నది తక్కువున్న దానిలోకి అదుపు లేకుండా పోస్తుంది. సెల్ మీద నేరుగా సోల్డర్ చేశావు, ఆ వేడి సెల్‌కు హాని. హోల్డర్ పెట్టు, లేదా స్పాట్ వెల్డింగ్ చేసేవాళ్ల దగ్గర నికెల్ పట్టీ వేయించు. టీపీ4056 వాడుతున్నన్నాళ్లూ చార్జింగ్ పెట్టి ఆడొద్దు. కరెంటు బాగా తగ్గితేనే చార్జింగ్ పూర్తయిందని దానికి తెలుస్తుంది. ఆట లాగుతూ ఉంటే ఆ సంగతి దానికి ఎప్పటికీ తెలియదు. మన ఎండలు నీకు చెప్పనక్కర్లేదు. లిథియం సెల్స్ 45 డిగ్రీల పైన చార్జ్ చెయ్యకూడదు, మే నెలలో మూసిన బాక్సులో, పక్కనే చార్జర్ వేడితో, ఆ అంకె సులభంగా దాటుతుంది. వెనక మూతకు గాలి రంధ్రాలు కొట్టు, బైకు డిక్కీలో బాక్స్ పెట్టి ఎండలో వదలొద్దు. నీవి 2600 మిల్లీఆంపియర్ అవర్ల సెల్స్ కాబట్టి, 6 వాట్ల లెక్కన రెండున్నర గంటలు రావాలి. ఇప్పుడు గంటన్నరే వస్తోందన్నావు, సన్న వైర్లు, బూస్ట్ మాడ్యూల్ మార్చాక ఎంత వస్తుందో చూడు.

ముందు ఎల్ వైరు తీసెయ్. ఆ తర్వాత నాకు మూడు అంకెలు రాసి పంపు: మెనూలో 2వ పిన్ను వోల్టేజి, ఫుల్ వాల్యూమ్‌లో అదే పిన్ను వోల్టేజి, స్టిక్కును 3.3కు మార్చాక మధ్య రీడింగు. జంప్ బటన్ ఒకసారి నొక్కినప్పుడు ఈవీటెస్ట్‌లో వచ్చిన వరుసలు కూడా ఫొటో తీసి పెట్టు. కొత్త వైర్లు వేశాక కూడా వోల్టేజి 4.75 కింద ఉంటే బాక్స్ పట్టుకుని తిరుపతికి వచ్చెయ్. నా దగ్గర ఆసిలోస్కోప్ ఉంది, 5 వోల్టుల లైను ఎక్కడ కుంగుతోందో ఇద్దరం కలిసి చూద్దాం.